మేష్టారు పలకని వాక్యం

నేను రిటైరయ్యాక, మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్ళకు నత్తి పోయి వకీలైన ఒక అమ్మాయి కథ చెప్పి పెట్టేస్తాను. ఆ కథలో నేను చాలా బాగుంటాను. ఇక్కడ రాస్తున్నది ఆ కథ కాదు. ఇది నేను కడుపుమండి కుళ్ళుకున్న కేసు. పోనీ ఎవరి మీద కుళ్ళుకున్నాను? సాటి థెరపిస్టు మీదనో, పెద్ద డాక్టరు మీదనో అయితే చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది. నేను కుళ్ళుకున్నది ఒక ప్రార్థన మీద. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో కూడా నవ్వారు.

నా పని స్పీచ్ థెరపీ. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకు, చేతనైనంత మేరకు, మాట తిరిగి తెప్పించడం. కె.ఆర్.పురం దగ్గర పాత మద్రాసు రోడ్డు మీద ఉన్న ఒక ఆసుపత్రిలోనే ఉద్యోగమంతా గడిచింది. తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి తెలుగు, కన్నడ, తమిళం మూడింటిలోనూ నాకు నోరు తిరుగుతుంది. "మేడమ్ చేతిలో పడితే రాయి కూడా మాట్లాడుతుంది" అని వార్డులో ఒక పేరుండేది. ఆ పేరు నేనే పుట్టించుకున్నానని మా ఫిజియోథెరపిస్టు అంటుండేవాడు. గుంటూరు వైపు మనిషి, నాకంటే బాగా చిన్నవాడు, నోటికి హద్దు లేదు. మావి పక్కపక్క గదులు, అంచేత ఒకరి పరువు ఒకరి చేతిలో ఉండేది.

నా సర్వీసు చివరి ఏడాదిలో మేష్టారు వచ్చారు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మెదడు ఎడమపక్కన దెబ్బ తగిలి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాట పడిపోయాయి. మనం అన్నది ఆయనకు అర్థమయ్యేది. చెప్పాలనుకున్నదీ లోపల ఉండేది. మాట మాత్రం నోటిదాకా వచ్చేది కాదు. నేను గ్లాసు బొమ్మ చూపిస్తే ఆయన దానివంక చూసి, నావంక చూసి, "ద... ద..." అని, కళ్ళు మూసుకునేవారు. లెక్కల మేష్టారు కదా, తప్పు జవాబు చెప్పడం కంటే చెప్పకపోవడమే మేలనుకునే రకం. అలాంటివాళ్ళతో మా పని మహా కష్టం.

ఆయన భార్య మంచం పక్కనుంచి కదిలేది కాదు. మొదటిరోజే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, మీరు చెప్పింది మల్లా చెప్పడం గాదు, ఆయన మాట ఆయన అనల్ల. ఒక్క మాట. కోపంగా అన్నా సరే. అది వస్తాదా, రాదా? నాకు అబద్ధం చెప్పొద్దు."

"వస్తాదక్కా, తెప్పిస్తాను" అన్నాను. రాయి పేరు తలకెక్కి ఉన్న రోజులు అవి.

వారాలు గడిచాయి. నేను "నీ" అని అందిస్తే "ళ్ళు" అని పూర్తి చేయడం దాకా వచ్చారు. దానికే నేను మా డిపార్టుమెంటులో మైసూర్‌పాకు పంచాను. నేను అందించకుండా, తనంతట తాను అన్న మాట ఒక్కటీ లేదు. వార్డు డాక్టరు రౌండ్స్‌లో నా వంక చూసి కనుబొమలు ఎగరేసేవాడు, ఇంకా ఎన్నాళ్ళు అన్నట్టు.

ఇక ఆయన తమ్ముడి సంగతి. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరై, కాడుగోడిలో ఇల్లు కట్టుకున్న భారీ మనిషి. మొదట్లో వచ్చేవాడు గాని లోపలికి వచ్చేవాడు కాదు. వరండాలో నిలబడి, వదినగారిని బయటికి పిలిచి, పళ్ళ సంచి చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆసుపత్రి వాసన పడనివాళ్ళు కొందరుంటారు, అలాంటివాడనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం నేను బొమ్మల అట్టలు సర్దుకుంటుండగా లోపలికి వచ్చాడు. అన్నగారి కాళ్ళ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రార్థన మొదలుపెట్టాడు. సొంత మాటల ప్రార్థన. ఏమా ధార! గొంతు పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది, పక్క మంచాలవాళ్ళు కూడా తలలు తిప్పి వింటున్నారు. మేష్టారు మాత్రం గోడవైపు చూస్తున్నారు. కాసేపటికి తమ్ముడి ధార సన్నబడింది. ఏదో చెప్పబోయి ఆగాడు, ఇంకేదో ఎత్తుకుని దాన్నీ వదిలేశాడు. నిలబడి నిలబడి, ఏం చేయాలో తోచక కాబోలు, గొంతు తగ్గించి, రాగం లేకుండా, బస్సు కండక్టరు స్టాపుల పేర్లు చెప్పినంత చప్పగా వేరేదేదో మొదలుపెట్టాడు. మాటలన్నీ పాతకాలపు పుస్తకాల తెలుగు. ఒక వాక్యం చెప్పి ఆపాడు.

మేష్టారు జవాబు చెప్పారు.

"ద... ద..." కాదు. వాక్యం. పొడుగాటి గ్రాంథికపు వాక్యం, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. నాలుక మొద్దుబారి అక్షరాలు ముద్దగా వస్తున్నాయిగానీ ఒక్క మాట పొల్లుపోలేదు. తమ్ముడు రెండో వాక్యం అన్నాడు. మేష్టారు దాని జవాబు అన్నారు. మంచం పక్కన ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుని వెక్కుతోంది. నా చేతిలో గ్లాసు బొమ్మ అలాగే ఉంది.

సంతోషించాలి కదా? పేషెంటు నోట మాట వచ్చింది, థెరపిస్టు సంతోషించాలి. నాకు ఒళ్ళు మండింది. వానాకాలమంతా గొంతు అరగదీసుకుని నేను సంపాదించింది "ళ్ళు". ఈ ఫోర్‌మన్ సాయంత్రంపూట తీరిగ్గా వచ్చి, పేరాలకు పేరాలు పట్టుకుపోతున్నాడు!

తర్వాత ఆవిడే వివరంగా చెప్పింది. వాళ్ళు నంద్యాల వైపు నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంప్రదాయం వాళ్ళు. దొరల కాలంలో మిషనరీలు తెచ్చిన ఆరాధన క్రమాన్ని తెలుగులో పెట్టుకుని, తాతముత్తాతల నుంచి దాన్నే చదువుతూ వచ్చారు. ఆ క్రమంలో ప్రతి ప్రార్థనకూ మాటలు ముందే ఉంటాయి. ముందు నిలబడినవాళ్ళు అడిగే వంతు ఒకటి, మిగతావాళ్ళు జవాబు చెప్పే వంతు ఒకటి. పొద్దునకు ఒక క్రమం, సాయంత్రానికి ఒక క్రమం, పెళ్ళికి, చావుకు, అన్నిటికీ.

"మరి మీరే చెప్పించలేకపోయినారా అక్కా, ఇన్ని దినాలు?" అన్నాను. కాస్త కటువుగానే అన్నాననుకుంటాను.

"నాకు జవాబులే వచ్చునమ్మా" అంది. "ఇంట్లో అడిగే వంతు ఆయనది. మా మరిదికి రెండూ వచ్చు, గుడిలో నిలబడి చదివిన మనిషి గదా." చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు.

ఆ రాత్రి ఇంట్లో నన్ను నేను పరీక్ష పెట్టుకున్నాను. రేపు నాకే మెదడులో నరం చిట్లితే, నా నోట ఏం మిగులుతుంది? మా అవ్వ రోజూ స్నానం చేసి దీపం ముందు కూర్చుని స్తోత్రాలు చదివేది. "ఏమవ్వా, రికార్డు వేసినావా?" అని ఎగతాళి చేసేదాన్ని, ఒక్కటీ నేర్చుకోలేదు. కాలేజీలో మాకు చెప్పిన పాఠం కూడా నాకు అనుకూలంగానే ఉండేది. అంకెలు, వారాల పేర్లు, ప్రార్థనలు, బూతులు, ఇవన్నీ అలవాటు మీద దొర్లే మాటలు, వాటిలో ఆలోచన లేదు, వాటిని మాట కింద లెక్కపెట్టకూడదు అని. సరే, నాకు అలవాటు మీద దొర్లేవి ఏవి? "హలో, వినిపిస్తోందా?" ఒకటి. సీరియల్ మొదట్లో వచ్చే పాట ఒకటి. నేను అలా మంచాన పడితే మావాళ్ళు ఏమని ఎత్తుకుంటారు, నేనేమని జవాబు చెప్తాను? ఆ మేష్టారి మీద అంత అసూయ పుట్టింది. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని చూసి అసూయపడ్డానంటే ఎంత దూరం వెళ్ళానో చూడండి.

తమ్ముడు రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టాడు. మా ఫిజియోథెరపిస్టుకు పండగే పండగ.

"మేడమ్, మీ అట్టలు ఆయనకిచ్చేయండి. మీ థెరపీ కంటే ఆయన ప్రేయర్ ఫాస్ట్‌గా వర్క్ అవుతోంది."

"అది మాట కాదు, నోటి అలవాటు" అన్నాను. "చిలక కూడా అంటుంది."

"మరి మీ చిలక 'ళ్ళు' దగ్గరే ఆగిపోయిందేంటి?"

వాడితో మాట్లాడటం అనవసరం.

అప్పుడు దొరికింది నాకు. సాయంత్రాలు ఏదో పని ఉన్నట్టు ఆ గదిలోనే తచ్చాడుతున్నాను కదా, నా చెవి ఒకటి పట్టుకుంది. ప్రార్థన మొదట్లో అందరూ కలిసి తప్పులు ఒప్పుకునేది ఒకటుంది. అది కాగానే ప్రభువు నేర్పిన ప్రార్థన, అది క్రైస్తవులందరికీ వచ్చేదే. అందులో మధ్యన, మా పట్ల తప్పు చేసినవాళ్ళను మేము మన్నించినట్టే మమ్మల్నీ మన్నించమని అడిగే వాక్యం వస్తుంది. మేష్టారు అంతా చెప్తారు, ఆ వాక్యం రాగానే ఆగిపోతారు. అది దాటగానే తర్వాతి వాక్యంలో కలుస్తారు. మొదటిరోజు పొరపాటనుకున్నాను. మర్నాడు చూశాను, అక్కడే. ఆ పైరోజూ అక్కడే.

నా ప్రాణం లేచి వచ్చింది! చూశారా, మీ ప్రార్థనకూ చిల్లు ఉంది! మెదడు దెబ్బకు గొలుసులో ఒక లంకె తెగింది, అంతే. తెగిన లంకె అతకడం నా వృత్తి. ఇక ఈ గదిలో నాకూ పని ఉంది.

మర్నాడు ఆవిడ స్నానానికి ఇంటికి వెళ్ళిన సమయంలో తమ్ముణ్ణి ముందుగానే పిలిపించాను.

"సార్, మీ అన్నగారికి ఆ ఒక్క వాక్యం పోయింది. మనం దాన్ని పట్టుకుందాం. మీరు అది ఒక్కటే చెప్పండి, ఆయన కళ్ళలోకి చూసి, నిదానంగా. చివరి మాట ఆయనకు వదిలిపెట్టండి."

అతని మొహం పాలిపోయింది. "అది... అది వద్దులేమ్మా. మిగతాది చెప్తాండాడు గదా."

"పూర్తిగా రావద్దా సార్? మీరు చెప్పకపోతే నేనే చెప్తాను."

చెప్పాడు. మేష్టారు నోరు బిగించారు. ఇంకోసారి చెప్పించాను. మేష్టారు తల అటు తిప్పారు. నేను మంచం అటుపక్కకు వెళ్ళి, గడ్డం పట్టుకోలేదు గాని పట్టుకున్నంత పని చేసి, ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, రాగం కట్టి, పెదవులు ఎలా కదలాలో చూపిస్తూ అందించాను. మేష్టారు ఎడమచేత్తో నా అట్టల డబ్బాను ఒక్క తోపు తోశారు. గ్లాసు, దువ్వెన, తాళంచెవి అన్నీ నేలమీద. ఇలాంటి కోపం మా పనిలో మామూలే, అదీ ఒక మంచి గుర్తే అని నేను నవ్వుతూ ఏరుకుంటున్నాను. తలెత్తి చూసేసరికి తమ్ముడు కళ్ళనీళ్ళు కారుస్తూ గుమ్మం దాటుతున్నాడు. "నాతో కాదమ్మా" అని మాత్రం వినిపించింది.

ఆ మర్నాడు అతను రాలేదు. తర్వాత కూడా రాలేదు. మేష్టారు పూర్తిగా మూగబోయారు. ఆవిడ పుస్తకం తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, అడిగే వంతు తనే తడుముకుంటూ చదివింది. ఆయన పెదవి కదపలేదు. నేను "నీ" అంటే "ళ్ళు" కూడా లేదు. డాక్టరు రౌండ్స్‌లో "ఇంక ఇంటికి పంపించేద్దాం మేడమ్, ఇక్కడుంచి లాభమేముంది?" అన్నాడు. నేను తెప్పిస్తానన్న మాట తెప్పించలేదు సరికదా, తనంతట వచ్చినదాన్ని కూడా పోగొట్టాను.

ఆవిడకు జరిగింది చెప్పాను, ఆ వాక్యం, నా కసరత్తు, అంతా. వరండాలో కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. విని, ఫ్లాస్కు మూత విప్పింది.

"ఆయనకు ఆ వాక్యం పోలేదమ్మా" అంది. "ఆయన దాన్ని అనడు. మాట పడిపోకముందు నుంచీ అనడు."

నాకు అర్థం కాలేదు.

"మా మరిది గుడి కమిటీకి పెద్ద. కుందలహళ్ళి కంప్యూటర్ ఆఫీసుల పిల్లోళ్ళు రావల్లని, పాత క్రమం తీసేసి పాటల మాటలు పడే తెర కట్టిచ్చినాడు, డ్రమ్ములు పెట్టిచ్చినాడు. దానికి ఈయన అడ్డం చెప్పలే. నెలకు ఒక్క ఆదివారమన్నా పాత క్రమం ఉండనీయండప్పా అని మీటింగులో లేచి అడిగినాడు, అంతే. 'మనసు లేకుండా వల్లించేది ఎందుకు? మా యన్నకు దేవుడి కంటే ఆ పుస్తకమే పెద్దది' అని అందరి ముందరా అనేసినాడు మరిది. అందరూ నవ్విరి. ఆ దినం నుంచి ఈయన గుడికి పోతాడు, లేచి నిలబడతాడు, అన్నీ చెప్తాడు, ఆ వాక్యం కాడ మాత్రం నోరు మూస్తాడు. మన్నించకుండా మన్నించినా అని దేవుని ముందర ఎట్ల అనేది అంటాడు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికీ పోడు. మా పెద్దోళ్ళ కాలం నుంచి మాలో అట్లే. ఎవరితోనన్నా పగ ఉంటే, అది తీరేదాకా రొట్టె తీసుకోరాదు. గుడిలో అందరికీ తెలుసు అది. మా మరిదికీ తెలుసు."

మెదడు సగం చెడి, భార్యను పిలవలేక, దాహమని అడగలేక పడి ఉన్న మనిషి, అలవాటు మీద దొర్లుతున్నాయని నేను అనుకున్న మాటల మధ్య ఒక్కదాన్ని రోజూ గుర్తుపట్టి, అది రాగానే ఆపుకుంటున్నాడు. చిలక ఆపుకోగలదా? మనసు లేకుండా వల్లించడమన్నాడు తమ్ముడు. ఆలోచన లేని మాటలన్నాను నేను. మేమిద్దరం ఒకే పాఠం చదువుకున్నాం. పైగా ఆ మనిషి చేత, ఆ తమ్ముడి ఎదుటే, ఆ వాక్యం అనిపించాలని నేను రాగం కట్టాను.

"మరి తమ్ముడితో కలిసి మిగతాది ఎట్ల చెప్పినాడక్కా, అంత కోపముంటే?"

"పోట్లాట వాళ్ళిద్దరిదీ అమ్మా. ప్రార్థన వాళ్ళది కాదు గదా" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. తర్వాత ఫ్లాస్కు మూత బిగిస్తూ, "నేను బాప్టిస్టుల ఇంటి పిల్లను. మాకు సొంత మాటల ప్రార్థనే. పెండ్లైన కొత్తలో నేనూ అడిగినా, రోజూ అవే మాటలు ఎందుకు అని. మనసు బాగున్న దినం మనకే మాటలు వస్తాయి, బాగలేని దినానికి పెద్దోళ్ళు ఇవి పెట్టిపోయినారు అనె ఈయన" అంది.

డిశ్చార్జి కాగితాలు తయారవుతున్నాయి. ఆ మధ్యాహ్నమే నేను సెలవు పెట్టి మెట్రో ఎక్కి కాడుగోడి వెళ్ళాను. మార్కెట్ వెనక సందులో ఇల్లు. అతను బనీనుతో కూర్చుని టీవీ చూస్తున్నాడు, సౌండ్ లేకుండా. నన్ను చూసి గాభరాగా లేచాడు.

"అన్నకేమన్నా...?"

"ఏం కాలేదు. మీరు రావల్ల."

"ఏ మొహం పెట్టుకోని రావల్లమ్మా? మైకు పట్టుకుంటే నాకు మాటలు ధారగా వస్తాయి. ఆయప్ప మంచం కాడ ఒక్కటీ రాలే. ఏం మిగిలిందంటే నేను తీసేసిందే మిగిలె."

"తప్పని చెప్పండి మరి."

"ఇప్పుడా? సరే అని గానీ, పోరా అని గానీ అనేదానికి ఆయనకు నోరు లేదు. జవాబు చెప్పలేనోణ్ణి పట్టుకోని క్షమించమనేది మోసం గాదా?"

అక్కడ నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు లోపల కాగినదంతా వచ్చింది. "జవాబు చెప్పలేడా? నాకు చెప్పడు! నేను ఇన్ని నెలలు ఆయన ముందర నోరు నొప్పి పుట్టేట్టు అరిచినా, నాకు ఒక్కటి చెప్పలే. మీరు నోరు తెరిస్తే చెప్తాడు. ఆ భాగ్యం నాకుంటే నేను ఇట్ల టీవీ ముందర కూర్చుంటానా? లేయండి సార్, చొక్కా వేసుకోండి!"

పరాయి ఇంట్లో అలా అరవడం నాకదే మొదటిసారి. అతను చొక్కా వేసుకున్నాడు.

మేము వచ్చేసరికి సాయంత్రమైంది. మేష్టారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ణి చూశారు, గోడవైపు తిరగలేదు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి పోయే హక్కు నాకు ఉందనిపించలేదు. తమ్ముడు ఎప్పటిలా చప్పగా మొదలుపెట్టాడు. మేష్టారు పలకలేదు. ఆవిడ ఒక్కతే జవాబులు చెబుతోంది. తప్పులు ఒప్పుకునే ప్రార్థన వచ్చింది. తమ్ముడు ఆ బరువు శరీరంతో, మంచం పట్టీ పట్టుకుని, ఆసుపత్రి నేలమీద మోకాళ్ళూనాడు. సగం చదివి ఆగాడు.

"అన్నా, ఆ దినం మీటింగులో నేనట్ల అనింది తప్పు. నువ్వు పుస్తకాన్ని పెద్ద చేసుకోలే. నేనే నన్ను పెద్ద చేసుకున్నా."

అంతే. ఏడవలేదు, ఇంకేమీ కలపలేదు. ఆగినచోటు నుంచి క్రమం అందుకున్నాడు. ఈసారి మేష్టారి గొంతు కలిసింది. అది అందరూ కలిసి "మేము" అని చెప్పేది. అన్నా తమ్ముడూ ఇద్దరి తప్పులూ అందులోనే పడతాయి.

తర్వాత ప్రభువు నేర్పిన ప్రార్థన. ముగ్గురూ కలిసి చెబుతున్నారు. ఆ వాక్యం దగ్గరకు వచ్చేసరికి తమ్ముడు ఆగిపోయాడు. ఆవిడా ఆగింది. ఒకరికొకరు చెప్పుకోలేదు, ఇద్దరూ ఆగారు. మాటకోసం కాచుకుని కూర్చోవడం నా వృత్తి. ఎంతమంది మంచాల దగ్గర కూర్చున్నానో. అంత కష్టమైన నిశ్శబ్దం నేనెప్పుడూ కాచుకోలేదు. పక్క మంచం పేషెంటు దగ్గు, స్టేషన్‌వైపు ఏదో రైలు కూత.

మేష్టారు ఆ వాక్యం అన్నారు. ఒక్కరే. నిదానంగా, ఎక్కడా మింగకుండా, చివరిదాకా.

తమ్ముడు మంచం పట్టీకి తల ఆనించి భోరుమన్నాడు. ఇక అతని నోట మాట లేదు. క్రమంలో ఆ ప్రార్థన అయ్యాక మా పెదవులు తెరువుమని దేవుణ్ణి అడిగే మాట ఒకటి ఉంటుంది. అది అడిగే వంతు. అడగాల్సినవాడు ఏడుస్తున్నాడు. మేష్టారు కాసేపు చూశారు. ఎడమచెయ్యి చాపి తమ్ముడి తలమీద పెట్టి, ఆ మాట తనే అన్నారు.

ఎవరూ అందించలేదు. ఎవరూ ముందు చెప్పలేదు. ఇన్నాళ్ళూ జవాబులే చెప్పిన మనిషి తన వంతు తను తీసుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, గొంతు సవరించుకుని, దాని జవాబు చెప్పింది. ఇంట్లో రోజూ చెప్పుకున్నట్టే ఇద్దరూ సాగిపోయారు. కాసేపటికి తమ్ముడూ కలిశాడు, జవాబుల వైపు. ఆ ముగ్గురి మధ్య ఆ పాత మాటలు ఇటూ అటూ పోతుంటే, తలుపు దగ్గర నేను నిలబడి, నిజం చెబుతున్నాను, అసూయతో చచ్చిపోయాను. నాకు మూడు భాషలు వచ్చు. ఆ గదిలో చెప్పడానికి ఒక్క మాట రాదు.

చివరన రాత్రి చీకటిలో కాపాడమని అడిగే చిన్న ప్రార్థన. మేష్టారు దాన్ని ముగించారు. ఆవిడ ఆమేన్ అంది. తమ్ముడు ఆమేన్ అన్నాడు. అయినా మేష్టారు చెయ్యి దించలేదు. తల తిప్పి తలుపు వైపు, నా వైపు, చూస్తూ ఉండిపోయారు. ఏం కావాలో నాకు తోచలేదు. ఆవిడ కళ్ళతో సైగ చేసింది. నేను తలవంచుకుని, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు, "ఆమేన్" అని గొణిగాను.

"గట్టిగా" అన్నారు మేష్టారు.

ఆ మాట ఏ క్రమంలోనూ లేదు. తమ్ముడు అందించింది కాదు, నేను నేర్పింది అసలే కాదు. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషమంతా అయ్యాక ఆవిడ నావంక ఒక చూపు చూసింది. ఇన్నాళ్ళు మంచం పక్కన కూర్చున్నది నేనైతే, ఆయన తొలి మాట ఈవిడకా, అన్న చూపు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

మేష్టారు ఇంకా కాచుకుని ఉన్నారు. వార్డంతా వినబడేట్టు అన్నాను.